లామినేషన్ చేయించిన కోడిగుడ్ల కార్డు

నా డైరీలు అలమారలో సంవత్సరాల వరసన నిలబడి ఉంటాయి. అన్నీ బుద్ధిగా, కిటికీ ముందు నిలబడ్డ అర్జీదారుల్లా ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటాయి. కరోనా వచ్చిన ఏడాది డైరీ ఒక్కటే సరిగా మూతపడదు. దాని మధ్యలో అరచెయ్యంత కార్డు ఒకటి ఉంది. కార్డుకి రెండువైపులా మందపాటి ప్లాస్టిక్ పొర ఉంది. మూలలు బయటికి పొడుచుకొచ్చి, పక్క డైరీ అట్టని కూడా గీకేశాయి.

కార్డు తయారుచేసింది నేనే. ప్లాస్టిక్ మాత్రం నేను వేయించలేదు. అలాగని నా ప్రమేయం లేదనడానికీ లేదు.

నందిగామలో ఒక సర్కారు ఆఫీసులో నాది రేషన్ కార్డుల సీటు. రిటైరై జగ్గయ్యపేటలో స్థిరపడ్డాక కూడా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నన్ను "కార్డు సారు" అనే పిలుస్తారు. డైరీలో రోజూ నాలుగు సంగతులు రాయడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అలవాటు. ఎండ ఎలా ఉంది, ఎవరు వచ్చారు, ఏ పని జరిగింది, మధ్యాహ్నం ఏం తిన్నాను. ఆ నాలుగోది ఎందుకో మా ఆవిడకి ఇప్పటికీ అర్థం కాదు. "వండింది నేను, తిన్నది మీరు. ఇందులో రాసుకోడానికేముంది?" అంటుంది. రికార్డు ఉండాలి అంటాను. రికార్డు ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని నా నమ్మకం. పనికొచ్చింది కూడా. ఎలా పనికొచ్చిందో చివర్లో చెబుతాను.

బడులు మూసేసిన రోజులవి. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య, హైవే దిగి లోపలికి వెళితే వచ్చే ఊళ్ళో నేను చదువుకున్న హైస్కూలు ఉంది. బడి నడిచేటప్పుడు పిల్లలు మధ్యాహ్నం అక్కడే తినేవాళ్ళు. బడి మూతపడ్డాక బియ్యం ఇళ్ళకి చేరుతున్నాయి గానీ, ఉత్త అన్నం ఏం తింటారని పాత విద్యార్థులం కొందరం కమిటీగా ఏర్పడ్డాం. పప్పూ గుడ్డూ మనం ఇద్దామన్నాం. కమిటీ అంటే ముగ్గురం. జిన్నింగు మిల్లు ఆయన అధ్యక్షుడు, ఎందుకంటే కూర్చోడానికి వసారా, కుర్చీలు, ఫ్యానూ ఆయనవే. ఆ బడిలోనే పనిచేసి రిటైరైన డ్రిల్లు మాస్టారు కోశాధికారి. ఆయన దగ్గర మంచి కెమెరా ఉన్న ఫోను ఉంది. నా జేబులో పెన్ను ఉంది కాబట్టి నేను కార్యదర్శిని.

సరుకులు సంచుల్లో కట్టి పంచాలా, లేక చీటీలిచ్చి ఊళ్ళో కిరాణా కొట్లో తీసుకోమనాలా అన్నది మొదటి సమస్య. నేను చీటీల వైపు. మిల్లాయన చెయ్యి అడ్డం ఊపాడు.

"చీటీలిస్తే ఇంకేమన్నా ఉందా! పొద్దున చీటీ ఇస్తే సాయంత్రానికి బ్రాందీ కొట్టు ముందు తేలుద్ది. ఈ జనం సంగతి మీకు తెలవదండీ, నాకు తెలుసు. సంచీ కట్టిద్దాం. సంచీని ఎవడూ తాగలేడు గదా."

"పైగా సంచీ అయితే ఫోటోలో కనపడుద్దండీ," అన్నాడు డ్రిల్లు మాస్టారు. "చీటీ ఏం కనపడుద్ది?"

ఈ రెండో వాదనతో చర్చ ముగిసింది.

సంచులు వచ్చాయి. సంచీ మీద మిల్లాయన నవ్వుతున్న బొమ్మ, దాని కింద చిన్నగా ఒక కోడిగుడ్డు బొమ్మ. లోపల ఏముండాలన్నది దాతలు నిర్ణయించారు. హైదరాబాదులో ఉండే పాత విద్యార్థి ఒకాయన సేమ్యా పంపాడు, ఆయనది సేమ్యా ఏజెన్సీ. మరొకాయన అగరొత్తులు పంపాడు. ఇంకొకాయన ఈ మధ్య డాక్టరు సలహా మీద ఓట్సు తింటున్నాట్ట, అవి పంపాడు. ఆ పొట్లం విప్పి చూసి ఒక ముసలమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఇది గేదెలకాండీ, పిల్లలకాండీ?" అని గుసగుసగా అడిగింది. అందరూ పంపగా మిగిలిన చోటులో గుడ్లు పెట్టాం.

పంపిణీ శనివారం పెట్టాం. డ్రిల్లు మాస్టారికి వ్యాను ఆ రోజే ఖాళీ. వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకున్న ఇళ్ళు ఆ ఊళ్ళో సగం పైన ఉంటాయి. వాళ్ళు శనివారం గుడ్డు ముట్టరు, గడప దాటనివ్వరు. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ముగ్గురు ముసలివాళ్ళం, మాకు ఈ సంగతి గుర్తే రాలేదు. ఆ ఇళ్ళవాళ్ళు ఫోటో దిగి, దణ్ణం పెట్టి, గుడ్ల పొట్లాన్ని బడి పిట్టగోడ మీదే పెట్టి, ఆదివారం పొద్దున వచ్చి తీసుకుంటామని చెప్పి వెళ్ళారు. ఆ రాత్రి గడిచేలోగా గుడ్లలో ఎక్కువ భాగం కాకులకీ కుక్కలకీ చేరింది. వాటికి శనివారం పట్టింపు లేదు.

"మాస్కు కిందకి దించి నవ్వమ్మా," అని డ్రిల్లు మాస్టారు పిల్లలని వరసగా ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. అప్పుడే ఒకావిడ సంచీ విప్పి చూసుకుని నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చింది. మిర్చి కోతకీ కలుపుకీ వెళ్ళే మనిషి. మొగుడు పోయాడు. ఏడో తరగతి చదివే కూతుర్ని వెంటపెట్టుకుని వచ్చింది.

"సేమ్యా ఇచ్చారు, బానే ఉంది. పాలెవరు పోస్తారండీ?"

మిల్లాయనకి కోపం వచ్చింది. "ఇచ్చినదానికి దణ్ణం పెట్టి తీసుకోవాలమ్మా."

"దణ్ణం పెట్టానండీ. ఇప్పుడు పాల సంగతి అడుగుతున్నా."

ఆవిడ కూతుర్ని ముందుకి తోసింది. "ఈ పిల్లకి ఒంట్లో రక్తం లేదని డాక్టరమ్మ చెప్పింది. రోజూ గుడ్డు పెట్టమంది. బడి ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం గుడ్డుండేది. ఇప్పుడు నాకు కోత పని లేదు, దీనికి గుడ్డు లేదు. ఈ పుల్లలు వెలిగించుకుని ఏం చెయ్యమంటారు?" అని అగరొత్తుల పెట్టె బల్ల మీద పెట్టి వెళ్ళింది. పిల్ల మాత్రం వెళుతూ వెళుతూ నా ముందున్న కాగితాలను తిప్పి చూసింది. నేను గీస్తున్న గళ్ళు దానికి నచ్చినట్టున్నాయి.

ఆవిడ మాటే పట్టుకుని నేను తర్వాతి మీటింగులో చీటీలు గెలిపించాను. చీటీ అంటే ఏదో చిత్తుకాగితం అనుకుంటున్నారు, నేను కార్డు తయారుచేస్తానన్నాను. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడిని. పిల్ల ఫోటో, నంబరు, అధ్యక్షుడి సంతకం, కమిటీ సీలు. నాలుగు వారాలకి నాలుగు గళ్ళు. గడికీ గడికీ మధ్య సన్నని చిల్లుల వరస. వారానికొక గడి కొట్టాయన చించుకుని, గుడ్లు, కందిపప్పు, నూనె, బెల్లం, వీటిలో ఇంటివాళ్ళు ఏది కావాలంటే అది ఇస్తాడు. గుడ్డు ఏ వారం ఏ రోజు తెచ్చుకోవాలో వాళ్ళిష్టం. ఇంత బాగా ఆలోచించినవాడిని అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. వెనకవైపు ఖాళీ కనిపించింది. ఖాళీ కనిపిస్తే నాకు చెయ్యి ఊరుకోదు. పదకొండు నిబంధనలు రాశాను.

మొదటిది: ఈ కార్డును జాగ్రత్తగా భద్రపరచవలెను. చిరిగిన, నలిగిన, తడిసిన కార్డు చెల్లదు.

ప్రూఫు దిద్దుతుంటే మా ఆవిడ భుజం మీదుగా చదివింది. "చిరిగితే చెల్లదంటున్నారు. చించుకుని సరుకు ఇస్తాడంటున్నారు. ఏదండీ ఖాయం?"

"నీకు తెలీదులే, ఇది ఆఫీసు భాష," అన్నాను.

కార్డులు శుక్రవారం పంచాం. సోమవారం పొద్దున కిరాణా కొట్టాయన ఫోను చేశాడు.

"సారూ, కార్డులు చిరగట్లేదండీ."

"గట్టిగా లాగవయ్యా."

"లాగా. కత్తెర పెట్టా, కత్తెర వంగింది. నా గోరు ఊడింది. మీరొకసారి రండి."

వెళ్ళాను. కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ప్రతి చేతిలోనూ నా కార్డే, ఎండకి తళతళా మెరుస్తోంది. ఊరంతా కలిసి ఆటో మాట్లాడుకుని, కార్డులన్నీ ఒక సంచీలో వేసి నందిగామ పంపారట. అక్కడ జిరాక్సు కొట్టాయన షట్టరు సగం ఎత్తి, ఒక్క పూటలో అన్నిటికీ లామినేషన్ చేసి పంపాడట. కరోనా మొదలయ్యాక ఆయనకి అంత పని ఆ రోజే దొరికి ఉంటుంది.

ముందు గుండ్రంలో ఉన్నది సేమ్యా ఆవిడే. పక్కన కూతురు.

"ఇదేం పనమ్మా? అన్నం పెట్టే కార్డుకి ప్లాస్టిక్ వేయిస్తారా ఎవరన్నా?"

"చిరిగితే చెల్లదని మీరే రాశారు గదండీ. మా పిల్ల చదివి చెప్పింది. ఫోటో ఉంది, సీలుంది. పనికొచ్చే కాయితం ఏదొచ్చినా మేం ముందు ప్లాస్టికే వేయిస్తామండీ."

"ఎవరు చెప్పారు మీకు అలాగని?"

"మీరే చెప్పారండీ," అంది ఆవిడ, ఇందులో అడగడానికేముందన్నట్టు. "మా రేషన్ కార్డు ఇచ్చినప్పుడు కిటికీలోంచి అరిచారుగా. ప్లాస్టిక్ వేయించుకో, పోతే మళ్ళీ ఇచ్చేది లేదని."

వెనక గుండ్రాల్లో నలుగురైదుగురు తలలూపారు. నిజమే. ఆ మాట నేను ఒక్క ఈవిడకే కాదు, సీటులో ఉన్నన్నాళ్ళూ రోజుకి ఎంతమందికి చెప్పానో. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో నా మాట ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది.

కొట్టాయన తన బాధ చెప్పుకున్నాడు. గడి ముక్క చేతికి రాకుండా సరుకు ఇవ్వగూడదని నాలుగో నిబంధనట. అదీ నేను రాసిందే. అందరూ నా వైపు చూశారు. ఆ క్షణంలో బుద్ధున్న మనిషి ఎవడైనా "గుడ్లు ఇచ్చి పంపవయ్యా" అని ఉండేవాడు. నా నోట్లోంచి మాత్రం కిటికీ వెనక కూర్చున్నవాడి మాట వచ్చింది.

"అర్జీ పెట్టుకోండి. కమిటీలో పెట్టి డూప్లికేటు కార్డు ఇప్పిస్తా."

సేమ్యా ఆవిడకి రాయడం రాదు. పిల్ల నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, కొట్టు అరుగు మీద కూర్చుని రాసింది. రాత గుండ్రంగా, ముచ్చటగా ఉంది. నేను చెబుతుంటే రాస్తూ, చివరికి వచ్చేసరికి తలెత్తింది.

"కింద ఏం రాయాలండీ?"

"ఇట్లు, తమ విధేయురాలు."

"విధేయురాలంటే?"

"చెప్పిన మాట వినేది."

"వినబట్టేగా ఇక్కడ నిలబడ్డాం," అంది తల్లి. గుండ్రాల్లో ఉన్నవాళ్ళు మాస్కుల వెనక నవ్వారు. కొట్టాయన కూడా బెల్లం బుట్ట మీద ఈగలు తోలే నెపంతో అటు తిరిగాడు. ఆ రోజు ఎవరికీ గుడ్లు దొరకలేదు.

కమిటీ వెంటనే కూర్చోలేదు. మంగళవారం మిల్లాయన కొత్త పని తలపెట్టడు. బుధవారం డ్రిల్లు మాస్టారికి దగ్గొచ్చింది, మేం ముగ్గురం భయపడ్డాం. గురువారం అది వట్టి దగ్గేనని తేలింది. శుక్రవారం కూర్చున్నాం.

"చెప్పానా?" అన్నాడు మిల్లాయన. ఆ వారంలో ఆయన ముఖం అంత వెలిగింది అప్పుడే. "ఈ జనానికి చీటీలు అచ్చిరావని చెప్పానా? సంచులు మళ్ళీ ఆర్డరు ఇచ్చేస్తా. ఈసారి బొమ్మ కలర్లో వేయిద్దాం."

డ్రిల్లు మాస్టారు ఫోను అద్దం చొక్కాతో తుడుచుకున్నాడు.

నేను ఏం చేశానో దాచను. మినిట్సు పుస్తకంలో చక్కని దస్తూరీతో, "లబ్ధిదారుల అవగాహనా లోపము వలన కార్డులు నిరుపయోగమైనవి" అని రాశాను. అవగాహన వాళ్ళకి పూర్తిగా ఉంది. నేను రాసిన మొదటి వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా అమలుచేశారు. లోపం ఎక్కడుందో నాకు తెలుసు, మా ఆవిడకి తెలుసు. అయినా రాశాను, సంతకం పెట్టాను. ఇంటికొచ్చి భోంచేశాను.

శనివారం పొద్దున, కార్డులు రద్దయ్యాయి, సంచులు వస్తాయి అని చెప్పడానికి ఊళ్ళోకి వెళ్ళాను. సేమ్యా ఆవిడా కూతురూ కొట్టు దగ్గరే ఉన్నారు. రోజూ వచ్చి డూప్లికేటు కార్డు వచ్చిందా అని అడిగి వెళుతున్నారట. నేను విషయం చెప్పేలోపే పిల్ల కొట్టాయన చెవి మీదున్న నల్ల మార్కరు పెన్ను చూపించింది. బస్తాల మీద రాసుకునే పెన్ను అది.

"సార్, చించకుండా, వారానికో గడి మీద దాంతో అడ్డగీత కొడితే చాలదాండీ? ప్లాస్టిక్కు మీద కొడితే చెరగదు."

నేను కార్డు వెనక్కి తిప్పి పదకొండు నిబంధనలూ మళ్ళీ చదివాను. ఎందుకు చదివానంటే, ఆ పిల్ల మాట కుదరదనడానికి ఏదైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

"నాకూ సోమవారమే తోచింది సారూ," అన్నాడు కొట్టాయన మెల్లగా. "మీరు పెద్దోళ్ళు, అర్జీ అంటున్నారు. మధ్యలో నేనెందుకని."

అక్కడి నుంచే మిల్లాయనకి ఫోను చేశాను. ఆయన మళ్ళీ బ్రాందీ కొట్టు మాటే ఎత్తాడు. ఆ రోజు మాత్రం నాకు ఓపిక లేదు. "ఎండలో ఆటో ఎక్కి వెళ్ళి ప్లాస్టిక్ వేయించుకున్న కార్డండీ ఇది. దాన్ని బ్రాందీ కొట్లో ఇచ్చేవాళ్ళయితే ముందు ప్లాస్టిక్ ఎందుకు వేయిస్తారు? ఇన్ని రోజుల్లో ఒక్క కార్డయినా అటు వెళ్ళిందా, మీ మనుషుల్ని పంపి కనుక్కోండి," అన్నాను. కనుక్కున్నాడు. ఒక్కటీ వెళ్ళలేదు. బ్రాందీ కొట్టు ముందు తన మిల్లు గుమాస్తా కనబడ్డాడట, అంతే. కలర్ సంచుల ఆర్డరు ఆగింది. మినిట్సులో నా వాక్యం కొట్టేస్తానంటే మాత్రం, పెద్దమనుషుల పుస్తకంలో కొట్టివేతలు బాగుండవన్నాడు. అది ఇప్పటికీ అలాగే ఉంది.

సేమ్యా ఆవిడ కార్డు బల్ల మీద పెట్టింది. మొదటి వారం శుక్రవారంతో అయిపోయింది కాబట్టి రెండో గడి మీద గీత కొట్టమన్నాను. పిల్లే కొట్టింది, స్కేలు పెట్టినంత తిన్నగా. శనివారం కాబట్టి వాళ్ళు కందిపప్పూ బెల్లం తీసుకుని, గుడ్లు ఆదివారం వచ్చి పట్టుకెళతామన్నారు.

"పోయిన వారంది కూడా ఇప్పిస్తారాండీ?" అని అడిగింది ఆవిడ.

"పోయిన వారానిది మురిగిపోయిందమ్మా. ఏడో నిబంధన," అన్నాను.

ఆవిడ వాదించలేదు. పాల గురించి అంత గట్టిగా అడిగిన మనిషి, నిబంధన అనగానే ఊరుకుంది. పిల్ల కార్డు వెనక్కి తిప్పి ఏడోది చదివి, ఉందమ్మా, అని తల్లికి చెప్పింది.

బడులు తెరిచాక, ఒకరోజు సేమ్యా ఆవిడ జగ్గయ్యపేట వచ్చి ఇల్లు వెతుక్కుంటూ మా గుమ్మంలో నిలబడింది. కొంగు ముడి విప్పి కార్డు తీసి ఇచ్చింది.

"మీ కార్డు మీకు ఒప్పజెప్పి పోదామని వచ్చా. చూసుకోండి. చిరగలా, నలగలా, తడవలా."

కార్డు నిజంగానే ఇచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఫోటోలో పిల్ల మాస్కు గడ్డం కిందకి దించుకుని బెదురుగా చూస్తోంది. కింద మూడు గళ్ళ మీద మూడు నల్లగీతలు. మొదటి గడి తెల్లగా ఉంది. మజ్జిగ తెచ్చిన మా ఆవిడ కూడా చూసింది.

"ఈ గడి ఏం పాపం చేసిందండీ?"

నేను కార్డుని నిబంధనల వైపు తిప్పేసరికి మా ఆవిడ లోపలికి వెళ్ళి, ఒక సంచీలో కందిపప్పూ బెల్లం వేసుకుని వచ్చింది. మిల్లాయన బొమ్మ ఉన్న పాత సంచే అది.

"ఆ మొదటి వారానిది. తీసుకోమ్మా," అన్నాను నేను, నేనే ఇస్తున్నట్టు.

ఆవిడ మజ్జిగ తాగి గ్లాసు బోర్లించింది. "వద్దండీ. ఆ వారం తిండి ఆ వారం తినాలి గానీ, ఇప్పుడిస్తే ఇది ఈ వారం తిండవుద్ది. ఈ వారానికి మాకుంది. బడి తెరిచారుగా, మధ్యాహ్నం గుడ్డు అక్కడే తింటది." సంచీ మీది బొమ్మ కేసి చూసి నవ్వింది కూడా. తర్వాత బస్సుకి వేళైందని వెళ్ళిపోయింది.

కార్డుని ఎక్కడ పెట్టాలా అని ఆ ఏడాది డైరీ తీశాను. మొదటి గడి వారం పేజీలు వెతికి పట్టుకున్నాను. ఏ పని జరిగింది అన్నచోట, సోమవారం నుంచి శుక్రవారం దాకా, "కార్డుల పని సజావుగా సాగుతున్నది" అని ఉంది. దాని కిందే నాలుగో సంగతి, రోజూ రాసేది. సోమవారం దోసకాయ పప్పు, వంకాయ వేపుడు. మంగళవారం ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. బుధవారం గోంగూర పప్పు, చల్ల మిరపకాయలు. గురువారం బీరకాయ పెసరపప్పు, గడ్డపెరుగు. శుక్రవారం, అంటే అవగాహనా లోపం అని రాసి వచ్చిన రోజు, పులిహోర, కొబ్బరి పచ్చడి, సేమ్యా పాయసం. పాయసం రెండుసార్లు వడ్డించుకున్నానని, భోజనం కాస్త ఎక్కువై మధ్యాహ్నం మంచి నిద్ర పట్టిందని కూడా రాసుకున్నాను.